టైం పికర్ పుట్టుపూర్వోత్తరాలు

నాచారం పారిశ్రామికవాడలో నైట్ షిఫ్ట్ కార్మికుడొకరు రాత్రి పదికి ఎక్కి పొద్దున ఆరుకు దిగుతారనుకుందాం. ఆ డ్యూటీని యాప్‌లో నమోదు చేయాలంటే ఫారంలోని టైం గడి నొక్కాలి. వెంటనే తెర మధ్యలోకి గడియారం వస్తుంది. అదే టైం పికర్.

ఆండ్రాయిడ్ ఫోన్లలో దీని వయసు ఆండ్రాయిడ్ వయసే. 2008లో వచ్చిన మొదటి రూపంలో అంకెకు పైన ప్లస్, కింద మైనస్ ఉండేవి. నొక్కి పట్టుకుంటే అంకెలు పరుగెత్తి, మనకు కావలసినదాన్ని దాటిపోయేవి. 2011లో ఆండ్రాయిడ్ 4.0తో వేలితో తోసే అంకెల వరుస వచ్చింది. ఐఫోన్ అప్పటికే చక్రాలు తిప్పిస్తోంది. 2014లో ఆండ్రాయిడ్ లాలీపాప్ కూర్పు పికర్‌ను గుండ్రటి గడియారం చేసింది. గంట మీద వేలు పెట్టి తీయగానే పలక దానంతటదే నిమిషాలకు మారుతుంది. అయిదేసి నిమిషాల అంకెలే కనిపించినా, ముల్లు లాగితే 37 కూడా దొరుకుతుంది. ముచ్చటగానే ఉంటుంది గానీ, నన్నడిగితే అంకెలు టైపు చేసుకోవడమే సుఖం.

వేషాలెన్ని మారినా ప్రోగ్రాముకు అది ఇచ్చేవి రెండే అంకెలు: 0 నుంచి 23 లోపు గంట, 0 నుంచి 59 లోపు నిమిషం. ఏఎం, పీఎం పైపై అలంకారమే. ఆ రెండంకెలు ఇవ్వడంలోనూ ఆండ్రాయిడ్ జెల్లీబీన్ కూర్పు కాలంలో తడబడింది. బ్యాక్ నొక్కి వద్దనుకున్నా టైం ఖాయం చేసేసేది. ఫారంలో గడిని మామూలు టెక్స్ట్ గడిలా వదిలేస్తే ఇప్పటికీ ఒక తంటా ఉంది: మొదటి నొక్కుకు కీబోర్డు లేస్తుంది, రెండోదానికి గానీ గడియారం రాదు.

అసలు చిక్కు వేరు. పికర్‌కు తేదీ తెలియదు.    ఫారానికి తేదీతోనే పని. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు నిమిషాల్లో లెక్కిస్తే ఆరు గంటల 360లోంచి రాత్రి పది గంటల 1320 పోవాలి, మైనస్ 960. జీతం కోతే! తేడా మైనస్‌లోకి పోతే దిగింది మర్నాడని గ్రహించి ఒక రోజు నిమిషాలు 1440 కలపాలి. అప్పుడు 480 నిమిషాలు, ఎనిమిది గంటల డ్యూటీ. ఆ కూడిక పికర్ చేయదు, ఫారం రాసేవాళ్లే రాయాలి.