పంట అమ్మకమునకు ముందు పసిబిడ్డ వాటా

విత్తనపు గింజలను వేరుగా తీసి దాచిన పిమ్మటనే మిగిలిన పంటను అమ్ముట మన రైతులకు తరతరాల అలవాటు. ఎంత ఇబ్బంది వచ్చినను ఆ గింజల జోలికి పోరు. మరి ఇంటిలో పసిబిడ్డ ఉన్నప్పుడు, ఆ బిడ్డకు కావలసిన గింజలను కూడ అట్లే తీసిపెట్టుచున్నారా? పెసలు, వేరుశనగ, గ్రుడ్లు, పాలు సంతకు పోయి, బిడ్డకు అన్నము, చారు మాత్రమే మిగులు ఇండ్లు ఎన్నో కలవు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన దేశములో 6 నుండి 23 నెలల వయసు పిల్లలలో తగినన్ని రకముల ఆహారము, తగినన్ని సార్లు లభించినది నూటికి 11 మందికే. మొదటి రెండేండ్లలో కుంటుపడిన ఎదుగుదలను తరువాత పూడ్చుట మిక్కిలి కష్టము.

ఆరు నెలలు నిండగానే

ఆరు నెలల వరకు తల్లిపాలే చాలును. నీరు కూడ అక్కరలేదు. తరువాత తల్లిపాలు మానరాదు గాని, అవి మాత్రమే చాలవు. పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వలు ఈ వయసుకు తరిగిపోవును.

బిడ్డ కడుపు చిన్నది. పప్పు మీది తేట, పలుచని గంజి, చారు పోసినచో కడుపు నిండును గాని బలము రాదు. చెంచా వంచినను జారిపోనంత చిక్కగా మెదిపి పెట్టవలెను. 6 నుండి 8 నెలల బిడ్డకు రోజుకు 2, 3 సార్లు, 9 నెలలు దాటిన బిడ్డకు 3, 4 సార్లు పెట్టి, నడుమ చిరుతిండి కూడ ఇవ్వవలెను.

వ్రేళ్లపై లెక్క

తల్లిపాలు ఒకటి, ధాన్యములు, దుంపలు రెండు, పప్పులు, గింజలు మూడు, పాలు, పెరుగు నాలుగు, మాంసము, చేపలు అయిదు, గ్రుడ్డు ఆరు, ఆకుకూరలు, పసుపుపచ్చని పండ్లు, కూరలు ఏడు, ఇతర కూరలు, పండ్లు ఎనిమిది. ఈ ఎనిమిదింటిలో ప్రతిదినము అయిదైనను అందవలెను. తల్లిపాలు, అన్నము, పెసరపప్పు, మునగాకు, ఉడికించిన గ్రుడ్డు — చూచితిరా, అయిదు పూర్తియైనవి! పై నుండి ఒక చెంచా నూనె గాని నేయి గాని కలిపినచో బలము పెరుగును.

ఇంటిలో చేసికొను పిండి

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన ‘హైదరాబాద్ మిక్స్’ కొలతలివి: గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లము 20. గింజలను విడివిడిగా దోరగా వేయించి, మెత్తగా పిండి కొట్టి, గాలి చొరని డబ్బాలో ఉంచవలెను. రెండేండ్లలోపు పిల్లలకు తీపి తగదని నేటి నిపుణుల సలహా గనుక, బెల్లము మాని, ముగ్గిన అరటిపండు మెదిపి కలుపుట మేలు. వేరుశనగను పొడిగానే వాడవలెను. గింజలు గొంతుకు అడ్డుపడును.

కూలికి పోవు తల్లులకు

నాట్ల దినములలోను, పత్తి తీత దినములలోను బిడ్డను అవ్వ చేతికో, పెద్దపిల్ల చేతికో అప్పగించి పోక తప్పదు. ఈ పిండి ఇంటిలో ఉన్నచో, చేతులు కడుగుకొని, మరగిన నీటితో జావగా కలిపి పెట్టుట వారికిని సులభము. ఏడ్పు మాన్పుటకు టీ పోయరాదు. తిండిలోని ఇనుము ఒంటబట్టకుండ అది అడ్డుపడును. రెండు చిన్న బిస్కెట్ పొట్లముల సొమ్ముతో ఒక గ్రుడ్డు వచ్చును గదా!

అంగన్‌వాడీలో ఇచ్చు బాలామృతము ఆ బిడ్డకు ఉద్దేశించినది. ఇంటిల్లిపాది పంచుకొన్నచో నెల గడవక ముందే సంచి ఖాళీయగును.

రైతు సోదరులకు ఒక లెక్క

ఇది తల్లి పని మాత్రమే అనుకొనకండి. పంటను ఎంత అమ్మవలెనో, ఎంత ఉంచవలెనో నిర్ణయించునది చాలావరకు మీరే. బిడ్డకు రోజుకు 20 గ్రాముల పప్పు చొప్పున ఏడాదికి కావలసినది 7 కిలోలకు కొంచెము పైన మాత్రమే. పొలము లేనివారు కూడ పెరటిలో ఒక మునగచెట్టు, రెండు మూడు నాటుకోళ్లు పెంచవచ్చును.

ఈసారి కాటా వేయుటకు ముందు ఆ 7 కిలోలను ఒక కుండకెత్తి, అది బిడ్డదని ఇంటిలో అందరికి చెప్పండి. విత్తనపు గింజల వలెనే వాటి జోలికి కూడ ఎవరును పోరాదు.