బోర్డు పాతదే, వండే చేతులు వేరు: బయోవేర్ కొత్త ఆటను నమ్మొచ్చా?

ఫోన్‌ల ఫ్రీ ఫైర్, బీజీఎంఐ ఆడేటోళ్లకు ఆట అంటే ఇరవై ముప్పై నిమిషాల లొల్లి. దిగుడు, కాల్చుడు, గెలుచుడో ఓడుడో, అంతే. ల్యాప్‌టాప్ మీద, ప్లేస్టేషన్ మీద ఆడే ఇంకో తీరు ఆటలున్నయి. వాటిని రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటరు, పొట్టిగ ఆర్పీజీ. మన మాటల చెప్పాలంటే వేషం కట్టి ఆడే ఆట. చిందు భాగోతంల వేషం కట్టేది కళాకారుడు, మనం ముందట కూసొని చూస్తం. ఈ ఆటల వేషం మనమే కడ్తం. ఎవరితోటి సోపతి చెయ్యాలె, ఎవరిని ఇడిసిపెట్టాలె, గద్దె మీద ఎవరిని కూసోబెట్టాలె అన్నది మన చేతులనే ఉంటది. మనం చెప్పిన జవాబును బట్టి కథ మలుగుతది. ఒక్కో ఆట యాభై, అరవై గంటలు నడుస్తది.

ఇసొంటి ఆటలకు పేరువడ్డ కంపెనీ బయోవేర్. అది 2024 అక్టోబర్ 31న ‘డ్రాగన్ ఏజ్: ది వేల్‌గార్డ్’ అనే ఆటను తెచ్చింది. పదేండ్లు ఎదురుచూసిన అభిమానులల్ల చానామందికి అది సప్పగ అనిపించింది. ఇప్పుడు అదే కంపెనీ ‘మాస్ ఎఫెక్ట్’ల కొత్త భాగం తయారు చేస్తున్నది. రేపు ట్రైలర్ వస్తది, దాని ఎంబడే ప్రీ ఆర్డర్ బటన్ వస్తది. ఆ బటన్ ఒత్తాల్నా వద్దా? ఈ ఆటల దిక్కు కొత్తగ మళ్లుతున్న మన ఝరాసంగం, జహీరాబాద్ పోరగాండ్లు ఒకపారి ఆలోచన చెయ్యాలె. నా మాట ముందే చెప్తున్న: కంపెనీ పేరు మీద పైసలు పెట్టొద్దు, తయారైన ఆటను చూసి పెట్టాలె. ఎందుకో వరుసగ చెప్త.

డాక్టర్లు పెట్టిన కంపెనీ

బయోవేర్‌ను 1995ల కెనడాల ఎడ్మంటన్ పట్నంల రే ముజికా, గ్రెగ్ జెష్చుక్, ఆగస్టిన్ యిప్ అనే ముగ్గురు డాక్టర్లు పెట్టిండ్రు. 1998ల వచ్చిన ‘బాల్డర్స్ గేట్’ తోటి వీళ్లకు పేరొచ్చింది. 2007ల ‘మాస్ ఎఫెక్ట్’, 2009ల ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ వచ్చినయి. వీళ్ల గొప్పతనం ఏందంటే, మనం చేసిన పనిని ఆట యాది పెట్టుకుంటది. మాస్ ఎఫెక్ట్ మొదటి ఆటల రెక్స్ అనే సోపతిగాడు ఉంటడు. మనం మాట్లాడే తీరును బట్టి ఆయన సచ్చిపోవచ్చు, బతకొచ్చు. బతికితే మూడో ఆట వరకు తన జాతికే పెద్దమనిషి అయితడు. ఐదేండ్ల కింద ఒత్తిన ఒక్క బటన్ ఫలితం ఐదేండ్ల తర్వాత మన ముందటికి వస్తదన్నట్టు. జనం ఈ కంపెనీని నమ్మింది ఇందుకే.

2007ల అమెరికా కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, అంటే ఈఏ, బయోవేర్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. క్రికెట్ ఆటలు, ఫీఫా ఆటలు చేసిన ఈఏనే ఇది. మన హైదరాబాద్‌ల గూడ దీనికి ఆఫీసు ఉన్నది. పెట్టినోళ్లల్ల ముజికా, జెష్చుక్ 2012ల కంపెనీ ఇడిసిపోయిండ్రు. డ్రాగన్ ఏజ్ లోకాన్ని రాసిన డేవిడ్ గేడర్ 2016ల పోయిండు. ఆ ఆటలకు దారి చూపిన మైక్ లెయిడ్లా 2017ల పోయిండు. మాస్ ఎఫెక్ట్‌ను నడిపిన కేసీ హడ్సన్ ఒకపారి పోయి, తిరిగొచ్చి, 2020ల మళ్ల పోయిండు. గోడ మీద బోర్డు మాత్రం బయోవేర్ అనే ఉన్నది.

వేల్‌గార్డ్‌ల తక్కువైంది ఏంది?

న్యాయంగ చెప్పాలంటే వేల్‌గార్డ్ బేకార్ ఆట కాదు. చూడనీకె సక్కగున్నది. కొట్లాటలు జోరుగున్నయి. వచ్చిన దినం అడుగడుక్కు ఆగిపోయే తిప్పలు గూడ పెద్దగ లేకుండె. రివ్యూలు రాసినోళ్లు చానామంది మంచి మార్కులే వేసిండ్రు. అయితే మాటల, యాదిల తక్కువైంది. వేషం కట్టే ఆటకు పాణం అసొంటియి ఈ రెండే.

మొదాలు యాది సంగతి. 2014ల వచ్చిన ఇంతకుముందటి ఆట ‘ఇంక్విజిషన్’ల, పాత రెండు ఆటలల్ల మనం చేసిన పనులన్నీ ఎక్కించుకునే సౌలత్ ఉండె. వేల్‌గార్డ్‌కు వచ్చేసరికి పాత కథల నుంచి మూడే మూడు నిర్ణయాలు అడుగుతది. ఆ మూడు గూడ ఇంక్విజిషన్‌ల నుంచే. అంతకు ముందు ఎవరిని రాజును చేసినం, ఎవరి పాణం కాపాడినం అన్నది దానికి పట్టదు. నూరు గంటలు ఆడి కట్టుకున్న కథను చెరిపేసినట్టే అయింది.

ఇంక మాటల సంగతి. ఆరిజిన్స్‌ల మనం దుర్మార్గులం గూడ కావొచ్చు. మన తీరు నచ్చకుంటే ఎంబడున్నోళ్లు తిట్టి పోతరు, ఒకోపారి కత్తి దూస్తరు. వేల్‌గార్డ్‌ల ఏ జవాబు ఎంచుకున్నా ఎక్కువశాతం మంచితనమే బయటికొస్తది. గరంగ జవాబిచ్చే దారి చానా తక్కువ. పాత ఆటలల్ల ముగ్గురు సోపతిగాండ్లను తీస్కపోతుంటిమి, వాళ్లను మనమే ఆడిస్తుంటిమి. ఇండ్ల ఇద్దరే వస్తరు. వాళ్లకు హుకుం ఇయ్యొచ్చు గని వాళ్ల వేషంల మనం దూరలేం.

ఇంకో ముచ్చట సాఫ్‌గ చెప్పాలె. ఈ ఆటల టాష్ అనే పాత్ర ఉన్నది. ఆడ, మగ అనే రెండు గీతలల్ల ఇమడని మనిషి. ఆ పాత్రను అడ్డం పెట్టుకొని నెట్‌ల మస్తుమంది తిట్లకు దిగిండ్రు. ఆట ఆడకుంటనే సున్నా మార్కులు వేసినోళ్లు గూడ ఉన్నరు. రాత బాగలేదంటే అది విమర్శ, అసొంటి మనిషి కథల ఉండొద్దంటే అది ద్వేషం. రెండూ ఒక్కటి కావు. గా ద్వేషాన్ని పక్కకు పెట్టినా, పాత అభిమానుల బాధ నిజమైనదే.

2025 జనవరిల ఈఏ లెక్క చెప్పింది. ఆట ఆడినోళ్లు దగ్గర దగ్గర 15 లక్షల మంది. కంపెనీ అనుకున్నదాంట్ల ఇది సగం. ఆ నెలనే బయోవేర్‌ల కొంతమందిని ఈఏల వేరే స్టూడియోలకు పంపిండ్రు, కొంతమంది ఉద్యోగం పోయింది. రెండేండ్ల కింద 200 మందికి పైగ ఉన్న స్టూడియోల 100 మందికన్న తక్కువ మిగిలిండ్రని బ్లూమ్‌బర్గ్ రాసింది.

దుకాణాల పునాది మీద ఇల్లు

ఇట్ల ఎందుకైంది? ఆటలు చేసేటోళ్లకు పని రాక కాదు. మొదాలు ఈ ఆటను ఒక్కరు కూసొని ఆడే కథ లెక్కనే మొదలుపెట్టిండ్రు. 2017ల దాన్ని ఆపి, పదిమంది ఆన్‌లైన్‌ల కలిసి ఆడే ఆట లెక్క మార్చిండ్రు. తర్వాత మళ్ల మనసు మార్చుకొని ఒక్కరు ఆడే ఆటగనే చెయ్యమన్నరు. జేసన్ ష్రయర్ అనే విలేకరి ఈ కథంత బయటపెట్టిండు. ఆన్‌లైన్ ఆట కోసం చేసుకున్న ఏర్పాట్లను తీసేసి మళ్ల మొదటి నుంచి ఆలోచించే టైమ్ వాళ్లకు దొరకలేదు. దుకాణాల కోసం పోసిన పునాది మీద ఇల్లు కడితే ఎట్లుంటది? షట్టర్ ఉండాల్సిన కాడ కిటికీ వస్తది, వంటిల్లు పెట్టనీకె జాగ దొరకదు. వేల్‌గార్డ్‌ల అయింది అదే.

ఆన్‌లైన్ మోజు ఎందుకంటే పైసలు. కథ ఆట ఒక్కపారి అమ్ముడువోతది, అయిపోయింది. ఆన్‌లైన్ ఆటల కార్డులు, డ్రెస్సులు, సీజన్ పాస్‌లు ఏడాది పొడుగూత అమ్మొచ్చు. ఈఏకు వచ్చే రాబడిల దగ్గర దగ్గర నాలుగింట మూడొంతులు ఇసొంటి అమ్మకాల నుంచే వస్తది. గసొంటి యజమాని కింద కథ ఆట చేసేటోళ్లకు ఎప్పుడూ ఒత్తిడే.

ఇది మొదటిపారి గూడ కాదు. 2017ల ‘మాస్ ఎఫెక్ట్: ఆండ్రోమెడా’ వచ్చింది. మనుషుల మొకాలు బొమ్మల లెక్క కదులుతున్నయని నెట్ నిండ నవ్విండ్రు. 2019ల ‘ఆంథెం’ వచ్చింది. ఏం ఆట చెయ్యాలెనో తేల్చుకోక ఏండ్లు గడిపి, అసలు పనిని ఆఖరి ఏడాదిన్నరల గబగబ చేసిండ్రని తర్వాత తెలిసింది. ‘ఆఖరికి అంత అదే కుదురుతది’ అన్న నమ్మకం కంపెనీల పాతుకపోయి ఉండెనట. దాన్ని వాళ్లు ‘బయోవేర్ మ్యాజిక్’ అనుకునేటోళ్లు. వానకాలం దాటినంక దుక్కి దున్నుదమంటే ఏ మ్యాజిక్ పంట ఇస్తది? ఆంథెంను బాగు చేసే పనిని 2021ల ఈఏ బందు పెట్టింది.

మాస్ ఎఫెక్ట్ మీద ఆశ ఎంత, అనుమానం ఎంత?

కొత్త మాస్ ఎఫెక్ట్ గురించి 2020 నవంబర్‌ల చెప్పిండ్రు, డిసెంబర్‌ల చిన్న టీజర్ చూపించిండ్రు. ఆశ పెట్టుకోనీకె కారణాలు లేకపోలేదు. దాన్ని నడిపేది మైక్ గ్యాంబుల్, పాత మాస్ ఎఫెక్ట్‌లకు పనిచేసిన మనిషి. ఆయన తోటి ఇంకొంతమంది పాతోళ్లు ఉన్నరు. ఇప్పుడు స్టూడియో అంత ఈ ఒక్క ఆట మీదనే ఉన్నది. 2021ల పాత మూడు ఆటలను సాపు చేసి ‘లెజెండరీ ఎడిషన్’ అని తెస్తే జనానికి నచ్చింది.

అనుమానాలు గూడ అంతే బలంగున్నయి. మందిని తగ్గించుకున్న స్టూడియో గంత పెద్ద ఆటను ఎట్ల లాగుతది? ఇంకోటి, వేల్‌గార్డ్ నడవకపోయినంక ఈఏ పెద్దసారు ఆండ్రూ విల్సన్ చెప్పిన మాట. ఇయ్యాల్రేపు ఆడేటోళ్లు కథతో పాటు కలిసి ఆడే సౌలత్ గూడ కోరుతున్నరన్నడు. అంటే తప్పు పునాదిది అని వాళ్లు అనుకుంటలేరు. మూడోది అప్పు. 2025 సెప్టెంబర్‌ల సౌదీ సర్కారు పెట్టుబడి ఫండ్, ఇంకో రెండు సంస్థలు కలిసి 5,500 కోట్ల డాలర్లకు ఈఏను కొంటున్నట్టు ప్రకటించినయి. అండ్ల 2,000 కోట్ల డాలర్లు అప్పే. ఆ అప్పు, మిత్తి ఈఏ రాబడిల నుంచే తీరాలె. ఏండ్లకేండ్లు పట్టే కథ ఆటకు గప్పుడు ఓపిక ఎవరికుంటది?

ఇంకో దిక్కు చూడుండ్రి. బయోవేర్‌కు పేరు తెచ్చిన బాల్డర్స్ గేట్ రెండో ఆట 2000ల వచ్చింది. మూడోది 2023ల వచ్చింది. చేసింది బయోవేర్ కాదు, బెల్జియంల లారియన్ స్టూడియోస్. వాళ్ల మీద ఎవరి పెత్తనం లేదు. సగం తయారైన ఆటను 2020లనే అమ్మకానికి పెట్టి, ఆడినోళ్ల మాటలు ఇనుకుంట మూడేండ్లు సాపు చేసిండ్రు. ఆ ఏడాది మేటి ఆట అవార్డు దానికే వచ్చింది. పేరు అదే, చేతులు మారితే ఆట లేచి నిలబడ్డది. డ్రాగన్ ఏజ్ పేరు ఉన్న ఇంట్లనే ఉండి సుత సప్పవడ్డది. పేరుల ఏమీ లేదనీకె ఇంతకన్న రుజువు ఏం గావాలె?

మన లెక్క మనం చూసుకోవాలె

ఇసొంటి పెద్ద ఆట వచ్చిన కొత్తల మూడు వేలకు పైనే ఉంటది. కూలి చేసుకునే ఇంట్ల అది చిన్న పైసలు కాదు. వేల్‌గార్డ్‌కు కంప్యూటర్‌ల 100 జీబీ జాగ గావాలె. రోజుకు 2 జీబీ ఫోన్ డేటా ఉన్న పోరడు మొత్తం డేటా దానికే పెట్టినా దించుకోనీకె 50 దినాలు పడ్తది. స్టీమ్‌ల ఆట నచ్చకుంటే పైసలు వాపస్ ఇస్తరు. దానికి షరతు ఏందంటే, కొని 14 దినాలు దాటొద్దు, రెండు గంటలకన్న ఎక్కువ ఆడి ఉండొద్దు. పట్నంల ఫైబర్ నెట్ ఉన్నోడు సాయంత్రం కొని రాత్రికి ఆడి తేల్చుకుంటడు. ఊర్లె ఉన్నోడికి ఆట దిగకముందే గడువు అయిపోతది. అరవై గంటల కథ బాగుందో లేదో రెండు గంటలల్ల ఎట్ల తెలుస్తది? అంటే పేరును నమ్మి కొంటే ఎక్కువ మునిగేది మనమే.

ఆగినోడికి నష్టం లేదు. వేల్‌గార్డ్ నాలుగు నెలలు గడవంగనే, 2025 మార్చిల, ప్లేస్టేషన్ ప్లస్ చందాదార్లకు వేరే పైసలు లేకుంటనే దొరికింది. మొదటి దినం నిండు ధర పెట్టినోళ్ల కడుపు మండదా?

అందుకే కొత్త మాస్ ఎఫెక్ట్ వచ్చినంక ఒక నెల ఆగుండ్రి. ఆట మొత్తం ఆడినోళ్లు ఏమంటున్నరో ఇనుండ్రి. మూడు సంగతులు అడుగుండ్రి: పాత నిర్ణయాలను యాది పెట్టుకుంటదా, చెడ్డ జవాబు చెప్పనిస్తదా, నెట్ లేకుంట ఒక్కడే ఆడొచ్చునా? అప్పటిదాక బయోవేర్ రుచి చూడాలనుకుంటే ఆరిజిన్స్ ఉన్నది. పాత ల్యాప్‌టాప్ మీద గూడ నడుస్తది, సేల్‌ల చానా తక్కువకు వస్తది.

మన జహీరాబాద్ దిక్కు సంక్రాంతి నుంచి పాత పంటల జాతర నడుస్తది. డీడీఎస్ సంఘాల ఆడోళ్లు ఎడ్ల బండ్ల మీద విత్తనాలు పెట్టుకొని ఊరూరు తిరుగుతరు. వాళ్లు గింజను పాకెట్ మీది బొమ్మ చూసి నమ్మరు. చేన్ల పండిందో లేదో చూసి, చేతులకు తీసుకొని చూసి ఇంట్ల దాస్తరు. ట్రైలర్ అంటే పాకెట్ మీది బొమ్మనే. పంట చూసినంకనే పైసలు తియ్యుండ్రి.