సముద్రపు అడుగున పేరుకొనే ఒండ్రు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలకు సముద్రం చాలా దూరం. అయినప్పటికీ మిర్యాలగూడకు దక్షిణాన వాడపల్లి వద్ద, కోదాడకు దిగువన మేళ్లచెరువు వద్ద సిమెంటు కర్మాగారాల కోసం తవ్వుతున్న సున్నపురాయి ఒకనాటి సముద్రపు అడుగే. కృష్ణకు ఆవల పల్నాడు వరకు వ్యాపించిన ఈ రాతిపొరలు యాభై కోట్ల సంవత్సరాలకు పైబడినవి.

సముద్రం అడుగున పొరలుగా చేరే పదార్థాన్ని అవక్షేపం అంటారు. పుట్టుకను బట్టి అది నాలుగు విధాలు.

మొదటిది నేల నుండి వచ్చేది. సూర్యాపేట పరిసరాలలోని గ్రానైటు ఎండకు, వానకు శిథిలమైనప్పుడు దానిలోని స్ఫటికం ఇసుకగా మిగులుతుంది. ఫెల్‌స్పారు బంకమన్నుగా మారుతుంది. మూసీ వాటిని వాడపల్లి వద్ద కృష్ణకు అందిస్తుంది. కృష్ణ బంగాళాఖాతానికి చేరుస్తుంది. బరువైన ఇసుక తీరం దగ్గరే దిగిపోతుంది, సన్నని మన్ను దూరం పోతుంది. సుమారు 1030లో అల్ బిరూనీ హిందూదేశాన్ని గురించిన తన గ్రంథంలో ఇటువంటి క్రమాన్నే వివరించాడు. పర్వతాల చెంత పెద్ద గుండ్రాళ్లు, దూరం పోయినకొద్దీ చిన్నరాళ్లు, నదీముఖాల వద్ద ఇసుక కనిపించడాన్ని బట్టి, ఉత్తర మైదానం నదుల ఒండ్రుతో పూడినదని ఆయన గ్రహించాడు.

రెండవది జీవుల వలన ఏర్పడేది. ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల సున్నపు గుల్లలు, డయాటములు, రేడియోలేరియాల సిలికా గుల్లలు అవి చనిపోయాక అడుగుకు రాలుతాయి. అవక్షేపంలో వీటి పాలు 30 శాతానికి మించితే దానిని జీవపంకం అంటారు. అయితే సుమారు 4,500 మీటర్ల లోతు దాటాక, చలి, ఒత్తిడి, కరిగిన బొగ్గుపులుసు వాయువుల వల్ల సున్నం కరిగిపోతుంది. అంతకంటె లోతైన చాలా చోట్ల ఎర్రని బంకమన్ను మాత్రమే మిగులుతుంది. అది పేరుకొనేది వెయ్యేళ్లకు ఒక మిల్లీమీటరు ప్రాంతమే.

మూడవది సముద్రజలం నుండే విడివడేది. 1872-76 మధ్య చాలెంజర్ నౌక వెలికితీసిన మాంగనీసు గడ్డలు ఇటువంటివే. 1981లో భారతదేశపు గవేషణి నౌక హిందూ మహాసముద్రం నుండి వీటిని తెచ్చింది. ఇవి పది లక్షల సంవత్సరాలకు కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతాయి. నాలుగవది అంతరిక్షం నుండి రాలే ధూళి, ఇది అత్యల్పం.

మరి మేళ్లచెరువు రాయి ఏ రకానిది? సున్నమనగానే గుల్లలు తలపుకు వస్తాయి. కాని ఈ రాయి, గుల్లగల జంతువులు విస్తరించక పూర్వపుది. లోతు తక్కువ సముద్రంలో కరిగి ఉన్న సున్నమే, కంటికి కనిపించని జీవుల తోడ్పాటుతో విడివడి అడుగున చేరింది. కనుక ఇది ముఖ్యంగా మూడవ రకం. రెండవదాని పాలూ దానిలో ఉంది. సున్నపురాతి నడుమ వచ్చే మట్టిరాతి పొరలు నేల నుండి వచ్చినవి.

ఈ పని నేటికీ ఆగలేదు, కాని తగ్గింది. 1967లో నీరు వదిలిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ పొలాలను పండిస్తున్నది. అదే ఆనకట్ట కృష్ణ తెచ్చే ఒండ్రును ఆపుతున్నది. ఎగువన, దిగువన ఉన్న ఇతర ఆనకట్టలూ అంతే. ఒండ్రు తగ్గినందువల్ల కృష్ణా డెల్టా తీరం అక్కడక్కడ కోతకు గురవుతున్నది. ఇక్కడి వరిచేనుకూ అక్కడి తీరానికీ గల ఈ సంబంధాన్ని నీటి పంపకాలను ఆలోచించేవారు లెక్కలోకి తీసుకోవలసి ఉన్నది.