మేడపై గాలిమర.. తిరిగితే రొద, ఆగితే వృథా

భవనాలపై చిన్న గాలిమరలు బిగిస్తే కరెంటు బిల్లు తగ్గుతుందన్న ఆశ బ్రిటన్‌లో పరీక్షకు నిలవలేదు. 2009లో వెలువడిన వార్విక్ పరీక్షల నివేదిక ప్రకారం 26 గాలిమరలు, ఆపి ఉంచిన రోజులనూ కలిపితే, ఒక్కొక్కటి రోజుకు సగటున 0.214 యూనిట్ల విద్యుత్తునే ఇచ్చాయి. అరవై వాట్ల బల్బు మూడున్నర గంటలు వెలగడానికి అది సరి!

గాలి వేగం సగానికి తగ్గితే అందులోని శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నగరంలో ఇళ్లు, చెట్లు గాలిని అడ్డుకుని సుడులు తిప్పుతాయి. ఎత్తయిన అపార్ట్‌మెంట్లపై అమర్చినవి మాత్రం మెరుగ్గా తిరిగాయి. చిక్కు కూడా అక్కడే వచ్చిపడింది. రొద భరించలేమని నివాసులు ఫిర్యాదు చేయడంతో, అన్నింటికన్నా బాగా పనిచేస్తున్న ఆ గాలిమరలనే చాలాకాలం ఆపివేయాల్సి వచ్చింది.