పందిరి పనికీ ఇంటి వద్దే పాఠాలు

అనంతపురం: కొన్నేళ్ల కిందటి మాట. కళ్యాణదుర్గం దారిలోని ఒక పల్లెలో ఈ వ్యాసకర్త బంధువుల ఇంట పెళ్లి. మాఘమాసం. పందిరి బాగుంది. మేళం బాగుంది. ఓళిగలు ఇంకా బాగున్నాయి. మొదటి బంతి లేచేసరికి చేతులు కడుక్కోవడానికి నీళ్లు లేవు!

ట్యాంకరుకు బావ చెప్పి ఉంటాడని మేనమామ అనుకున్నాడు. మేనమామ చెప్పి ఉంటాడని పెళ్లికూతురి తండ్రి అనుకున్నాడు. ఇద్దరిలో ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే అని వంటమాస్టరు నిశ్చింతగా ఉన్నాడు. ట్యాంకరు అతనికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆనాడు వియ్యాలవారి నోట పడ్డ మాటలను ఆ ఇంటివారు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ లోటు డబ్బు లేక వచ్చింది కాదు. మనుషులు లేక అంతకంటే కాదు. ఏ పని ఎవరిది, ఎప్పటిలోగా జరగాలి అని రాసుకున్న కాగితం ఒక్కటి లేకపోవడమే దానికి కారణం.

ఆ కాగితం రాయడమే ఒక విద్య అయింది. దాన్ని ఇప్పుడు ఈవెంట్ మేనేజ్‌మెంట్ అంటున్నారు. మన పల్లెల్లో పెళ్లి పెత్తనం అనేవారు. ఊరికొక పెద్దమనిషి ఉండి పందిరి గుంజ నాటిన గంట నుంచి అప్పగింతల దాకా అన్నీ నోటి లెక్క మీదే నడిపించేవాడు. అటువంటి వారు తగ్గిపోయారు. పెళ్లిళ్లు మాత్రం పెద్దవయ్యాయి. పెళ్లిళ్లతో పాటు కాలేజీ వార్షికోత్సవాలు, కంపెనీ సమావేశాలు, ప్రారంభోత్సవాలు, జాతరలు అన్నీ ఈ పని కిందికే వచ్చాయి. ఈ విద్యను ఊరు విడవకుండా, ఉన్న పని మానకుండా దూరవిద్య ద్వారా నేర్చుకోవచ్చునా అన్నది జిల్లాలో చాలామంది యువకులు అడుగుతున్న ప్రశ్న.

పోస్టుమ్యాన్ తెచ్చిన చదువు

దూరవిద్య మనకు కొత్త కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో కరస్పాండెన్స్ కోర్సులు ప్రారంభించింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లో ఆ బాట పట్టింది. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆంధ్రప్రదేశ్‌లో వెలిసింది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. బడి మెట్టు ఎక్కనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించడం అప్పట్లో పెద్ద సంచలనం. పగలు సేద్యం, రాత్రి పాఠాలు, ఆదివారం స్టడీ సెంటర్‌లో తరగతులు... ఇలా పట్టా తెచ్చుకుని టీచర్లు, గుమాస్తాలు అయినవారు ఈ జిల్లాలో ఎందరో ఉన్నారు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. పర్యాటక నిర్వహణలో అది రూపొందించిన స్నాతకోత్తర కోర్సులో సభలు, సమావేశాలు, ప్రదర్శనల నిర్వహణను ఒక పేపరుగా చేర్చింది. 2017లో కేంద్ర ప్రభుత్వం ‘స్వయం’ పేరిట ఇంటర్నెట్ పాఠాలను ప్రారంభించింది. వాటిని వినడానికి రుసుము లేదు. సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకు మాత్రం కట్టాలి.

అమెరికాలో ఈ విషయానికి విశ్వవిద్యాలయ గౌరవం తెచ్చిన వారిలో జో గోల్డ్‌బ్లాట్ ఒకరు. 1994లో జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆయన ఈ కోర్సును నెలకొల్పారు. ఏ వేడుకకైనా అయిదు దశలుంటాయని ఆయన సూత్రీకరించారు. అవి: విచారణ, రూపకల్పన, ప్రణాళిక, సమన్వయం, చివరిగా సమీక్ష. చదవగానే ఇదేం పెద్ద విషయమనిపిస్తుంది. మన వాళ్లు మొదటి దశనూ, చివరి దశనూ వదిలేసి మధ్యలో మూడింటితోనే కాలక్షేపం చేస్తారు. పెళ్లయిన మర్నాడు కూర్చుని, ఎక్కడ తప్పు జరిగిందో రాసుకున్న ఇల్లు ఈ వ్యాసకర్తకు ఇంతవరకు కనిపించలేదు. ఎవరు ఎంత చదివించారో రాసిన చిట్టా మాత్రం ప్రతి ఇంట్లోనూ భద్రంగా ఉంటుంది!

పాఠాల్లో ఇంకొకటి నిజంగా పనికొచ్చేది. ఏ పని ఆలస్యమైతే మొత్తం వేడుకే ఆలస్యమవుతుందో ముందే పోల్చుకోవడం. 1950ల చివరలో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ ఫ్యాక్టరీ పనుల కోసం ఈ లెక్క తయారు చేయించింది. మన పెళ్లికి దాన్ని అన్వయిస్తే ఇలా ఉంటుంది. సీరియల్ బల్బులు గంట ఆలస్యమైతే ఎవరి కొంపా మునగదు. అదే నీళ్లు గంట ఆలస్యమైతే పొయ్యి వెలగదు. పొయ్యి వెలగకపోతే మొదటి బంతి లేవదు. మొదటి బంతి లేవకపోతే దూరం ఊళ్ల నుంచి వచ్చినవారికి బస్సు తప్పిపోతుంది. అంటే కన్నేసి ఉంచవలసింది నీళ్ల మీదనే గాని బల్బుల మీద కాదు.

నీటి లెక్క ఏ పుస్తకంలో ఉంది?

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా కురవని జిల్లా ఇది. ఇక్కడ వేడుకంటే మొదట నీటి లెక్కే. తాగడానికి, వంటకు, చేతులకు, పాత్రలకు కలిపి మనిషికి పది లీటర్లు అనుకుందాం. పదిహేను వందల మంది వస్తే పదిహేను వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు. ఒకటి తెల్లవారుజామున రావాలి, రెండోది మొదటి బంతికి ముందు, మూడోది దానికి గంట తర్వాత. మూడూ ఒకేసారి వస్తే పోసుకునే తొట్లు ఉండవు. ఢిల్లీలోనో, బెంగుళూరులోనో కూర్చుని రాసిన పాఠంలో ఈ సంగతి దొరకదు. కుళాయి తిప్పితే నీళ్లు వచ్చేస్తాయన్న ధీమాతో అవి సాగుతాయి.

గాలి కూడా అంతే. ఎండాకాలం సాయంత్రాల్లో ముంగారుకు ముందు లేచే గాలికి షామియానా ఎట్లా ఎగిరిపోతుందో, గుంజకు తాడు ఎట్లా బిగిస్తే నిలుస్తుందో సప్లయర్స్ అంగడిలో పనిచేసే కుర్రవాడికి తెలిసినంతగా ప్రొఫెసర్‌కు తెలియదు. అయితే ఆ కుర్రవాడికి తెలియనివి ప్రొఫెసర్ పాఠాల్లో ఉన్నాయి. తాత్కాలిక పందిళ్లలో నిప్పు జాగ్రత్తల కోసం ఐ.ఎస్. 8758 అనే జాతీయ ప్రమాణం ఉంది. పందిట్లో సింథటిక్ గుడ్డలు, తాళ్లు వాడవద్దని, కరెంటు తీగల కింద పందిరి వేయవద్దని అది చెబుతుంది. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో పాఠశాల వేడుక జరుగుతుండగా సింథటిక్ పందిరికి నిప్పంటుకుని నాలుగు వందల మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది పసివాళ్లే. ఇప్పుడు మన ఊళ్లలో వేస్తున్న రంగురంగుల పందిళ్ల గుడ్డ ఏమిటో ఒకసారి చేత్తో తడిమి చూస్తే పాఠం ఎందుకు అవసరమో బోధపడుతుంది.

మైకు సంగతీ చెప్పుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా అనుమతి లేనిదే లౌడ్‌స్పీకర్ మోగించరాదు. తెల్లవారుజాము ముహూర్తాలు ఎక్కువగా ఉండే మన దగ్గర దీన్ని ఎందరు పాటిస్తున్నారో పాఠకులకు తెలియనిది కాదు.

గూగూడు చెప్పే పాఠం

జిల్లాలో అన్నిటికన్నా కష్టమైన నిర్వహణ ఏదంటే నార్పల మండలం గూగూడు పేరే చెప్పవలసి ఉంటుంది. మొహరం రోజుల్లో కుళ్లాయిస్వామి దర్శనానికి హిందువులు, ముస్లిములు కలిసి లక్షల్లో వస్తారు. కర్ణాటక నుంచి సైతం బండ్లు కట్టుకుని వస్తారు. తెల్లవారితే అగ్నిగుండం. ఊరు చిన్నది, దారులు ఇరుకు.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. మొహరం చాంద్రమాన లెక్క మీద నడుస్తుంది గనుక ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2018లో సెప్టెంబరు 21న పడిన మొహరం 2025లో జులై 6న వచ్చింది. 2030 నాటికి మే నెలలోకి జరిగి నడివేసవిలో పడుతుంది. అంటే వానాకాలంలో వేసుకున్న ఏర్పాట్ల పట్టిక అప్పటికి పనికిరాదు. నీడ, మజ్జిగ, ట్యాంకర్లు, వడదెబ్బ తగిలిన వారికి మంచాలు... అన్నీ కొత్తగా లెక్క వేయవలసిందే.

జనసమ్మర్దం విషయంలో ఉజ్జాయింపు ఎంత ప్రమాదమో మన కళ్ల ముందే జరిగింది. 2015 జులై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజున రాజమండ్రిలో తొక్కిసలాటలో పాతిక మందికి పైగా చనిపోయారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ఏకాదశి టోకెన్ల కోసం వచ్చినవారిలో ఆరుగురు మరణించారు. అదే ఏడాది జూన్ 4న బెంగుళూరులో క్రికెట్ విజయోత్సవానికి వచ్చి పదకొండు మంది ప్రాణాలు కోల్పోయారు. జాన్ ఫ్రూయిన్ అనే అమెరికన్ ఇంజనీరు ఇటువంటి దుర్ఘటనలను శ్రమతో పరిశీలించారు. చదరపు మీటరుకు ఏడుగురు చేరితే గుంపు నీళ్లలా కదులుతుందని, అప్పుడు ఎవరి కాళ్లు వారి వశంలో ఉండవని ఆయన చెప్పారు. వెనకనున్న వారికి ముందు ఏం జరుగుతున్నదో తెలియకపోవడం మరో కారణమన్నారు. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కూడా 2014లో జనసమూహాల నిర్వహణ మీద ఒక మార్గదర్శిని వెలువరించింది. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకుని చదువుకోవచ్చు. జాతర కమిటీ పెద్దలు ఒక సాయంత్రం కేటాయిస్తే చాలు. కొలిచే టేపు కూడా వెంట ఉంచుకుంటే మరీ మంచిది.

ఎవరికి మేలు?

ఈ చదువు అందరికీ అన్నం పెడుతుందని చెప్పడం మోసమే అవుతుంది. జిల్లాలో పెళ్లిళ్ల సందడి బుడ్డల పంట మీద ఆధారపడి ఉంటుంది. పంట చేతికొచ్చిన ఏడు షామియానాలకు తీరిక ఉండదు. పంట పోయిన ఏడు ముహూర్తాలు వాయిదా పడతాయి, లేదా గుళ్లో తాళి కట్టించి పది మందికి భోజనం పెట్టి ముగిస్తారు. 2020లో కరోనా వచ్చి పెళ్లికి యాభై మందే అన్నప్పుడు కుర్చీలు, గంగాళాలు గోడౌన్లలో దుమ్ము పట్టాయి. పందిరి మీద బతికే ఇళ్లు ఆ దెబ్బకు ఎంతగా వంగిపోయాయో ఆ అంగళ్ల ముందు నిలబడి అడిగితే చెబుతారు.

కనుకనే పెళ్లిళ్ల మీదనే ఆధారపడని పని కావాలి. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ ప్రాంతం 2022లో శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లినా, అనంతపురం వారికి అది దూరమేమీ కాదు. ఏ కంపెనీ అయినా, ఏ విశ్వవిద్యాలయమైనా సమావేశం పెట్టుకుంటే నోటి మాట ఒప్పందం కుదరదు. కొటేషన్ కావాలి. బిల్లు కావాలి. ఏ గంటకు ఏం జరుగుతుందో పట్టిక కావాలి. షామియానా అంగడివాని దగ్గర సామాను ఉంది, మనుషులున్నారు, అనుభవం ఉంది. లేనిది ఆ కాగితాలు రాసే చెయ్యి. అది లేనందువల్లే పని బెంగుళూరు వాళ్లకు పోతున్నది. మన వాళ్లు వారి కింద రోజు కూలికి కుర్చీలు మోస్తున్నారు.

ఈ చదువు ఎక్కువ మేలు చేసేది ఇప్పటికే పనిలో ఉన్నవారికి. సప్లయర్స్ అంగడి పిల్లలు, వంటమాస్టర్లు, ఫోటోగ్రాఫర్లు, వంట కాంట్రాక్టులు పడుతున్న పొదుపు సంఘాల మహిళలు మొదటి వరుసలో ఉంటారు. ఆడవాళ్లకైతే ఇల్లు కదలకుండా రాత్రిపూట చదువుకోవడమన్నది చిన్న సౌకర్యం కాదు. పనిలో ఎన్నడూ చేయి పెట్టకుండా సర్టిఫికెట్ ఒక్కటీ పట్టుకుని వచ్చేవానికి మాత్రం ఎవరూ పెళ్లి అప్పగించరు. అప్పగించకపోవడమే మంచిది.

చేరే ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. డిగ్రీ, డిప్లొమా ఇస్తామనే సంస్థకు ఆ కోర్సును దూరవిద్యలో నడపడానికి యు.జి.సి. అనుమతి ఉందో లేదో దాని వెబ్‌సైట్‌లోని జాబితాలో చూడాలి. విశ్వవిద్యాలయానికి అనుమతి ఉంటే చాలదు, ఫలానా కోర్సుకు ఫలానా ఏడాదికి ఉండాలి. పెద్ద ఫీజు, హోటల్లో ప్రారంభ సభ, తప్పకుండా ఉద్యోగం అనే మూడూ ఒకే కరపత్రంలో కనిపిస్తే ఆ కరపత్రాన్ని మడిచి పక్కన పెట్టడం మేలు. ప్రయోగ శిక్షణ ఎన్ని గంటలు, ఎక్కడ, ఎవరి దగ్గర అని అడిగి, సమాధానం రాతపూర్వకంగా తీసుకోవాలి. పాఠాలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటున్నాయి. తెలుగులో ఇటువంటి పుస్తకం రావలసిన అవసరం ఎంతో ఉంది. రాసేవారు మాత్రం ఒక మాఘమాసమైనా పందిట్లో గడిపి రాస్తే బాగుంటుంది.

మొదట చెప్పిన ఇంట్లో రెండో అమ్మాయి పెళ్లి ఈమధ్యనే జరిగింది. పందిరి పని ఒప్పుకున్న అంగడి తరఫున ఒక కుర్రవాడు ఇరవై రోజుల ముందే ఇంటికి వచ్చాడు. చంకలో నోటు పుస్తకం. డిగ్రీ దూరవిద్యలో చదువుతున్నాడట. ఫోనులో పాఠాలు కూడా వింటాడట. ఎంత మంది వస్తారని గాని, ఏ రంగు గుడ్డ కావాలని గాని అడగలేదు.

“మామా, నీళ్లు యాడ్నుంచి?” అన్నాడు మొదట. తర్వాత ట్యాంకరు అతని ఫోన్ నంబరు రాసుకున్నాడు. అది పాడైతే వచ్చే రెండో ట్యాంకరు నంబరు కూడా అడిగి రాసుకున్నాడు.