అరికాలిలో నల్లమచ్చ

చర్మ క్యాన్సర్ తెల్లవారి జబ్బనీ, ఎండ వల్లే వస్తుందనీ మనం అనుకుంటాం. వాటిలో మెలనోమా మనకు అరుదే. కానీ వస్తే ఎక్కువగా ఎండ తగలని చోటే వస్తుంది: అరికాలు, అరిచేయి, గోరు కింద. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది. ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1977లో మెలనోమా అని తేలింది. 1981లో, 36 ఏళ్లకే చనిపోయాడు.

దెబ్బకు కమిలిన నెత్తురు గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగిపోతుంది. అలా జరగకుండా, ఒకే వేలికి కొత్తగా నల్లచార వచ్చి, వెడల్పవుతూ, పక్క చర్మానికీ నలుపు పాకితే అనుమానించాలి. మన రంగువారికి చాలా గోళ్లలో సన్నచారలుండటం మామూలే. ఒక్కోసారి నలుపే ఉండదు, మానని పుండులా ఉంటుంది. షుగర్ పుండనీ, ఆనెకాయనీ నెలలు గడిపేస్తాం. వుజూలో రోజూ పాదాలు కడుగుతాం గానీ అరికాలు తిప్పి చూసేదెందరం?

చర్మవైద్యులు డెర్మోస్కోప్‌తో చూస్తారు. నలుపు అరికాలి గీతల గట్ల మీద ఉంటే అనుమానం, గాడుల్లో ఉంటే సాధారణంగా మామూలు మచ్చే. ఖాయం చేసేది బయాప్సీ. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయం ఉత్తదే. లోతును మిల్లీమీటర్లలో కొలుస్తారు, 1 మి.మీ. దాటకముందే దొరికితే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది.