మిరపకాయ లోపలి తడి

పైకి గలగలలాడే ఎండుమిరపకాయను తొడిమ దగ్గర చీల్చి చూడండి. ఒక్కోసారి గింజల చుట్టూ బూడిదరంగు నూగు కనిపిస్తుంది. బయట మచ్చ ఉండదు, ఎరుపు తగ్గదు. బూజు మాత్రం లోపల కాపురం పెట్టేసి ఉంటుంది. కాయలో అన్నిటికన్నా ఆఖరున ఎండేవి రెండు: గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనె, తొడిమ మొదలు. తోలు ఎండింది కదా అని డబ్బాకెత్తితే, ఆ రెండు చోట్లా మిగిలిన తడి నెమ్మదిగా కాయంతా పాకుతుంది. ఇంట్లో మిర్చి పాడవడానికి చాలావరకు ఇదే మూలం.

పండుమిరప బరువులో దాదాపు నాలుగింట మూడొంతులు నీరే. నిల్వ చేయాలంటే దాన్ని పది, పదకొండు శాతానికి దించాలి. అంటే నాలుగు కిలోల పండుకాయలు చివరికి కిలో నూరు గ్రాముల దగ్గర తూగాలి. ఇది ఉజ్జాయింపు లెక్కే, కాయ రకాన్ని బట్టి కాస్త మారుతుంది. అయినా ఆరబోసే ముందు ఒకసారి, ఎత్తే ముందు ఒకసారి తూచడం ఎంతో మేలు. అదే కుప్ప ఇంకా కిలోన్నర తూగుతోందంటే అందులో మూడోవంతు నీరు ఉన్నట్టే, పైకి ఎంత పెళుసుగా కనిపించినా సరే.

గుంటూరు, పల్నాడు, ఖమ్మం కల్లాల్లో రైతులు చేసే పనిలో మన మేడమీదికి తెచ్చుకోవలసినవి చాలా ఉన్నాయి. చెట్టునే బాగా పండి, కాస్త వడలిన కాయనే కోస్తారు. అక్కడక్కడా పచ్చి మిగిలితే రెండు మూడు రోజులు నీడన కుప్పపోసి, రంగు సమానంగా తిరిగాక ఆరబోస్తారు. పచ్చిచాయ ఉండగానే ఎండలో వేస్తే ఆ భాగం తెల్లబోతుంది. మార్కెట్లో అలాంటి కాయను తాలు అని విడిగా తీసి తక్కువ ధర కడతారు. ఆరబోసేటప్పుడు పలచగా పరవాలి, రోజూ తిరగవెయ్యాలి. పొద్దు వాలగానే కుప్పచేసి పట్టా కప్పాలి, లేదా ఇంట్లోకి తెచ్చుకోవాలి. పగలు పోయిన తడిని రాత్రి మంచు తిరిగి తెచ్చిపెడుతుంది, ఆ తడే మచ్చలకూ దారి.

నేలమీద నేరుగా పోయకూడదన్నది పెద్దల చాదస్తం కాదు. ఆస్పర్జిల్లస్ అనే బూజు మట్టిలోనే ఉంటుంది. తడి కాయ మీద అది పెరిగితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. కాలేయానికి హాని చేసే ఈ విషం కంటికి కనిపించదు, మనం కూర వండే వేడికి పూర్తిగా పోదు. ఎండుమిర్చి కిలోలో మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదని యూరోపియన్ యూనియన్ నిబంధన. అందుకే బూజు పట్టిన కాయను తుడిచో వేయించో వాడే ఆలోచనే వద్దు, పారేయండి.

బజ్జీ మిర్చిలాంటి దళసరి కాయలు నిలువుగా చీలిస్తే తప్ప ఇంట్లో సరిగా ఎండవు. కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకోండి. మంటపెట్టే క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అది ఎక్కువగా ఉండేది కూడా గింజల్లో కాదు, ఆ తెల్ల ఈనెలోనే. అమెరికాలోనో బ్రిటన్‌లోనో పెరట్లో మిరప వేసుకునే మనవాళ్లకు ఎండ చాలకపోవచ్చు. వాళ్లు డీహైడ్రేటర్‌ను 50–55 సెల్సియస్ డిగ్రీల మధ్య పెట్టుకుంటే సరిపోతుంది. తొందరపడి బాగా వేడి పెంచితే కాయ నల్లబడుతుంది.

ఎండిందో లేదో తేల్చే పరీక్షల్లో నాకు బాగా గురి ఉన్నది గాజుసీసా పరీక్ష. కాయలు చల్లారాక గుప్పెడు సీసాలో వేసి, మూత బిగించి ఒక రోజు ఉంచండి. గాజు లోపల చెమ్మ పట్టినా, గలగలలాడిన కాయలు మెత్తబడినా లోపలి తడి బయటికి వచ్చినట్టు. మొత్తం మళ్లీ ఎండలో వెయ్యాలి.

నిల్వలో కాయకు శత్రువులు తేమ, వెలుతురు, గాలి. ఘాటు అంత త్వరగా పోదు, ముందు పోయేది రంగు. గుంటూరు వ్యాపారులు కాయను శీతల గిడ్డంగుల్లో దాచేది ఆ ఎరుపును కాపాడుకోవడానికి కూడా. ఇంట్లో అయితే గాలి చొరని డబ్బా, చీకటి అర చాలు. విశాఖలాంటి సముద్రతీర ఊళ్లలో, వానాకాలంలో ఎక్కడైనా, గోనెసంచిలో ఉంచిన కాయ గాలిలోని చెమ్మను పీల్చుకుని మెత్తబడుతుంది. కాయకు సూదిపోటంత రంధ్రాలు కనిపిస్తే అది గోధుమరంగు చిన్న పెంకుపురుగు పని. కొత్త కాయలను సంచిలో కట్టి నాలుగైదు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే దాని గుడ్లు కూడా చస్తాయి. తీశాక సంచి వెంటనే విప్పకండి. చల్లటి కాయకు గది గాలి తగిలితే నీరు పడుతుంది.

తొడిమలు తీసి దాచడం చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది గానీ, తొడిమ ఊడిన కంత పురుగుకీ బూజుకీ తలుపు తెరిచినట్టే. కారం కొట్టించే ముందు రోజు తీస్తే చాలు. ఏడాది కారం ఒక్కసారే మిల్లుకు పంపడం కన్నా, రెండు మూడు నెలలకోసారి కొద్దికొద్దిగా కొట్టించుకోవడం మంచిది. పొడిలో అణువణువుకూ గాలి తగులుతుంది, కాయలో కన్నా ఎంతో త్వరగా వెలిసిపోతుంది.